గోడకు అటొక డబ్బా, ఇటొక డబ్బా

వసుధ పిల్లలను గీయమన్నది పరావలయం. గిన్నెలా ఎడమవైపు దిగి, అడుగు తాకి, కుడివైపు మళ్లీ ఎక్కాలి. తెర మీద పడుతున్న చుక్కలకు మాత్రం ఎక్కే ఉద్దేశం ఉన్నట్టు లేదు. పైనుంచి మొదలై, మోకాళ్ల నొప్పులున్న ముసలాయన మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే నింపాదిగా కిందికి దిగుతున్నాయి.

పదకొండో తరగతి మొత్తం నవ్వాపుకోలేక చస్తోంది.

మారేడ్‌పల్లిలోని ఆ స్కూలుకు గ్రాఫులు గీసే కాలిక్యులేటర్లు వచ్చి ఎన్నాళ్లో కాలేదు. పిల్లలకు తలా ఒకటి ఇచ్చారు. టీచరు బల్ల మీద తెల్లటి డబ్బా ఒకటి పెట్టారు. పిల్లలు కాలిక్యులేటర్‌లో చుక్క పెట్టి పంపితే, వైర్లు గియర్లు ఏమీ లేకుండానే అది డబ్బాలోకి వచ్చి, అక్కణ్నుంచి తెర మీద పడుతుంది. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అమ్మిన కంపెనీవాళ్లు అలాగే చెప్పారు మరి.

"ఆషర్," అంది వసుధ వెనక బెంచీ వైపు చూసి. "నీ పనేనా?"

"నేనింకా పంపనే లేదు మిస్."

"పంపకుంటే ఇవేంది మరి? బయట నిలబడు."

ఆషర్ వెళ్లి నిలబడ్డాడు. చుక్కలు ఆగలేదు. వెనక బెంచీ కాలిక్యులేటర్లన్నీ లాక్కుంది. ఆగలేదు. క్లాసు మొత్తాన్నీ కాలిక్యులేటర్లు ఆఫ్ చేసి చేతులు కట్టుకోమంది. తాపీగా ఇంకో చుక్క దిగింది.

"దయ్యం మిస్," అని ఎవరో గుసగుసలాడారు.

వసుధకు దయ్యాల మీద నమ్మకం లేదు. పక్కగది మీద అనుమానం మాత్రం వచ్చింది.

పక్కగది ఫిజిక్స్ ల్యాబ్. పిల్లలంతా ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. నడుమ ఇరానీ ఛాయ్ గ్లాసు, అందులో వేడి కొలిచే పుల్ల, ఆ పుల్లకు తగిలించిన కాలిక్యులేటరు. దాని ముందు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మనిషి యుగంధర్. జూన్‌లో తనతోపాటే స్కూల్లో చేరిన ఫిజిక్స్ సారు.

"సార్, మీ క్లాసుల ఏం నడుస్తుంది?" అంది వసుధ.

"ఛాయ్ చల్లారుతుంది మేడం."

"అది నాక్కూడా తెలుస్తుంది. నా తెర మీద కనిపిస్తుంది."

"మీ దిక్కు వచ్చినయా?" అతని ముఖం వెలిగిపోయింది. "పాయింట్లన్నీ ఎటు పోతున్నయా అని అప్పటిసంది దేవులాడుతున్న. జెర సేవ్ చేసి పెడ్తరా మేడం?"

వసుధకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ ఛాయ్ వల్ల నేనొక పిల్లగాన్ని బయట నిలబెట్టిన."

"అయ్యో. లోపలికి పిలవండి మరి."

అంత తేలిక ఆయనకు. పైగా గ్లాసులోంచి పుల్ల తీసి, "కొలుచుడు అయిపోయింది. ఛాయ్ మిగిలింది. తాగుతరా?" అని కూడా అడిగాడు.

"పుల్ల పెట్టిన ఛాయ్ నాకొద్దు," అని వెనక్కి వచ్చేసింది వసుధ. ఆషర్‌కు సారీ చెప్పింది. క్లాసు ముందు సారీ చెప్పాల్సి వచ్చినందుకు ఇంకాస్త మండిపోయింది.

తప్పెక్కడుందో సాయంత్రానికి తేలింది. ల్యాబ్‌లోనూ ఇలాంటి డబ్బాయే ఉంది. డబ్బాలు బిగించిన మనిషి రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టి పోయాడు. దాంతో కాలిక్యులేటర్లు తమ డబ్బా ఏదో తెలీక, ఏది దొరికితే దానికి అతుక్కుంటున్నాయి. పేరు మార్చాలంటే కంపెనీవాళ్ల రహస్య పాస్‌వర్డ్ ఇంకొకటి కావాలి. అది తెలిసిన ఆ ఒక్క మనిషీ ఉద్యోగం మానేశాడట. కంపెనీకి ఫోన్ చేస్తే లైన్లో ఉంచి వీణ వినిపిస్తారు. వసుధ ఆ వీణ మొత్తం విన్నది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఒక డబ్బా నడిచేటప్పుడు రెండోది బంద్ పెట్టాలి. రెండు గదుల నడుమ ఉన్నది ఒకప్పటి హాలును చీల్చిన చెక్క గోడ. ఒకసారి తడితే 'నేను ఆన్ చేస్తున్నా', రెండుసార్లు తడితే 'నాది అయిపోయింది, మీరు కానివ్వండి' అని ఒప్పందం చేసుకున్నారు.

ఒప్పందం బాగానే ఉంది. చేసుకున్న మనిషితోనే తంటా. యుగంధర్‌కు పాఠంలో పడితే ఒళ్లు తెలీదు. తట్టకుండానే ఆన్ చేస్తాడు. అయిపోయాక తట్టడం మర్చిపోతాడు. ఒకరోజు ఏకంగా దరువు వేశాడు.

వసుధ తలుపు దగ్గరికి వెళ్లింది. "ఇప్పుడు ఎన్నిసార్లు కొట్టినరు?"

"లెక్కపెట్టలే మేడం. ధ్వని తరంగాలు చెప్తున్న. గోడ మీద కొట్టి చూపెట్టిన."

"ధ్వనికి ఇంకో గోడ దొరకలేదా?"

"ఇదైతే మంచిగ మోగుతది," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఇలాంటి మనిషితో ఏం కొట్లాడతాం? తిట్టు తగిలినట్టు ముఖం పెడితే కదా తిట్టినవాళ్లకు తృప్తి. ఈయన ప్రతి తిట్టునూ పెళ్లిపత్రిక అందుకున్నట్టు అందుకుంటాడు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ల్యాబ్ కప్పు కారడం మొదలుపెట్టింది. తన గది కూడా తడుస్తుందేమోనని వసుధ స్టాఫ్ రూమ్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి, అక్కడా కారుతోంది; యుగంధర్ రెండు గదుల డబ్బాలనూ ఆమె బల్ల మీద పెట్టి, తన రెయిన్‌కోటు వాటికి కప్పి, తాను ధార కింద నిలబడి ఉన్నాడు. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది.

"మీకు బుద్ధుందా? మనిషికన్నా డబ్బా ఎక్కువనా?"

"డబ్బా తడిస్తే మీరు తిడ్తరు. నేను తడిస్తే ఎవరు తిడ్తరు?"

"నేనే తిడ్త," అంది వసుధ వెనకాముందూ చూడకుండా.

  ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, తన ముఖం తడవకపోయినా. అతను కిటికీలోంచి వానను చూశాడు, వానను ఎన్నడూ చూడనట్టు.

మర్నాడు అతనికి జ్వరం. రాలేదు. ఆ రోజంతా డబ్బా వసుధ ఒక్కతిదే. ఏ ఛాయ్ చుక్కా అడ్డం రాలేదు. పరావలయాలు పుస్తకంలో అచ్చేసినట్టు వచ్చాయి. హాయిగా ఉండాలి కదా. ఉండలేదు. పాఠం మధ్యలో రెండుసార్లు ఆగి గోడ వైపు చూసింది. ఇదెక్కడి ఖర్మరా దేవుడా అనుకుంది.

ఇదిలా ఉండగా స్టాఫ్ రూమ్‌లోకి కబురు వచ్చింది. తెచ్చింది తెలుగు టీచరు కాంతమణి. స్కూల్లో ఆకు కదిలినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"కొత్తోళ్లు ఇద్దరున్నరు గద మీరు, లెక్కలు, ఫిజిక్స్. పర్మనెంట్ పోస్టు ఒక్కటేనట. శుక్రవారం కరస్పాండెంట్ సార్ వచ్చి ఇద్దరి పాఠాలు చూస్తడట. ఎవరి క్లాసుల కాలిక్యులేటర్లు మంచిగ నడిస్తే వాళ్లు ఉంటరు. రెండోవాళ్లు ఇంటికే."

వసుధ చేతిలోని టిఫిన్ డబ్బా మూత బల్ల మీద పెట్టేసింది. ఆకలి చచ్చిపోయింది. ఇది ఆమెకు మొదటి స్కూలు కాదు. ఇంతకుముందు పనిచేసిన ప్రతి చోటా ప్రొబేషన్ ముగిసే వేళకు 'చాలా బాగా చెప్పారమ్మా' అని నమస్కారం పెట్టి పంపేశారు. మళ్లీ సర్టిఫికెట్లు పట్టుకుని, ఏ గేటు దగ్గర వాచ్‌మన్ ఏమంటాడోనని నిలబడే ఓపిక ఆమెకు ఇక లేదు. ఈసారైనా ఒకచోట పాతుకుపోవాలి. ఆమెకు కావలసింది అంతే.

"ఇద్దరి పాఠాలు వేరువేరు పీరియడ్లలోనే కదా?" అని అడిగింది.

"కాదట. ఒకే పీరియడ్‌ల."

కరస్పాండెంట్ దేవానందం గారు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వరండాలో నిలబడి ఒకేసారి రెండు గదులూ చూడొచ్చు కదా, రెండు ప్లాట్‌ఫాంలు ఒక్క మనిషి చూసుకోలేడా అని ఆయన వాదన. రెండు డబ్బాలూ ఒకేసారి నడవవని ఆయనకు చెప్పే ధైర్యం ప్రిన్సిపాల్‌కు లేదు.

గురువారం సాయంత్రం వసుధ ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది. యుగంధర్ తీరిగ్గా పరీక్షనాళికలు కడుగుతున్నాడు.

"రేపు సగం టైము నాది, సగం టైము మీది," అంది.

"మొత్తం మీరే తీసుకోండ్రి మేడం."

"జాలి చూపెడుతున్నరా?"

"జాలి కాదు."

"మరేంది?"

అతను నోరు తెరిచాడు. పరీక్షనాళిక వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. "ఏం లేదు."

"ఏం లేకుంటే సగం సగమే. ముందు నేను," అని వసుధ విసురుగా వచ్చేసింది. ఏదో ఉందని అంటే ఏం పోయేది ఆ మనిషికి?

శుక్రవారం పొద్దున మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వస్తుంటే ఆమె బుర్ర ఆమె మాట వినలేదు. పాఠం గుర్తుచేసుకుందామంటే అతని క్లాసు గుర్తొచ్చింది. ఏ క్లాసులోనూ నోరు విప్పని పిల్లలు ఆ ఛాయ్ గ్లాసు చుట్టూ చేరి ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. అలాంటి మాస్టారు తన వల్ల గేటు బయట నిలబడతాడా? పోతే తనే పోతుంది. తనకు అలవాటే. అలవాటు లేనివాళ్లను పంపడం పాపం.

'నీకు పిచ్చి పట్టింది,' అని తనను తాను తిట్టుకుంది. ఆ తిట్టు కూడా తగల్లేదు. ఎవరూ చూడకుండా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పీరియడ్ మొదలైంది. తెల్లచొక్కా, నల్లబూట్లు, చేతిలో గొడుగుతో దేవానందం గారు వరండాలో నిలబడ్డారు. వసుధ డబ్బా ఆన్ చేయలేదు. గోడ దగ్గరికి వెళ్లి రెండుసార్లు తట్టింది. నాది అయిపోయింది, మీరు కానివ్వండి అని. అటునుంచి జవాబు లేదు. నడుపుకుంటున్నాడులే అనుకుని సుద్దముక్క తీసింది.

"మిస్, కనెక్ట్ అయితలేదు," అన్నాడు ఆషర్.

"తెలుసు. బోర్డు చూడు."

"ఇవాళ డెమో కద మిస్."

"బోర్డు చూడమన్న."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రతి కాలిక్యులేటర్ మీదా 'వెతుకుతోంది' అని చిన్న చక్రం తిరుగుతోంది. వసుధ బోర్డు మీద పరావలయం గీసింది. గిన్నె కాస్తా సొట్టపడింది. దాన్ని తుడిచి మళ్లీ గీసింది.

తలుపు దగ్గర గొడుగు చప్పుడైంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు దేవానందం గారు. "నేను కాలిక్యులేటర్లు చూద్దామని వస్తే సుద్దముక్క చూపిస్తున్నావు. అక్కడ చూస్తే ఆయనా సుద్దముక్కే. రెండు వైపులా సిగ్నల్ ఎర్రగా పెట్టుకుని కూర్చున్నారు. మీరేమన్నా సమ్మె చేస్తున్నారా?"

"అక్కడ సుత సుద్దముక్కనా?"

వసుధ సుద్దముక్క పారేసి వరండాలోకి వచ్చింది. అటునుంచి యుగంధర్ కూడా చేతిలో సుద్దముక్కతోనే వచ్చాడు.

"నీ డబ్బా ఎందుకు బంద్ పెట్టినవ్?" అంది వసుధ.

"మీరెందుకు బంద్ పెట్టినరు?"

"నేను రెండుసార్లు కొట్టిన కద. వినబడలే?"

"వినబడ్డది. మీరు భయంల ఒకటి ఎక్కువ కొట్టినరనుకున్న. మీకే మొత్తం టైము ఇద్దామని ముందునుంచే బంద్ పెట్టిన."

"నిన్నెవరు ఇయ్యమన్నరు? నేను నీకు ఇద్దామనుకున్న."

"నాకెందుకు ఇచ్చుడు? మీకు గద నౌకరీ కావాలె."

"నీకొద్దా?"

"మీరు పోతుంటే నాకెందుకది?"

అప్పుడు గమనించింది వసుధ. రెండు గదుల తలుపుల్లోంచీ, కిటికీల్లోంచీ తలకాయలు. నడుమ దేవానందం గారు, ఇటొకసారి అటొకసారి చూస్తూ. తాను ఆయన ఎదుటే యుగంధర్‌ను నువ్వు నువ్వు అని తిట్టిపోస్తోంది. భూమి చీలితే బాగుండును. మారేడ్‌పల్లిలో భూమి అంత తొందరగా చీలదు.

దేవానందం గారు గొడుగు నేలకు ఆనించి రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నారు.

"ఒకే లైను మీదికి రెండు బళ్లు వస్తుంటే ఆపిన వాణ్ని నేను. మీరు ముందు వెళ్లండంటే మీరు ముందు వెళ్లండని రెండు బళ్లూ స్టేషన్లోనే ఉండిపోవడం మాత్రం ఇదే చూడటం. ఇంతకీ ఒక్క డబ్బాకి ఎన్ని కాలిక్యులేటర్లు పడతాయి?"

"అన్నీ పడతయ్ సార్," అన్నాడు యుగంధర్. "రెండు క్లాసులవీ పడతయ్."

"మరైతే రెండు క్లాసులనీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒక డబ్బా పెట్టుకోవాలని మీ ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదా?"

ఇద్దరూ నేల చూశారు. లెక్కల టీచరు, ఫిజిక్స్ సారు. ఎంత చదువు చదివితే ఏం లాభం.

పిల్లలు కుర్చీలు మోసుకుని ల్యాబ్‌లో ఇరుక్కున్నారు. ఒక డబ్బా ఆన్ అయింది. ఛాయ్ వచ్చింది. చుక్కలు దిగడం మొదలైంది. ఈసారి తిట్టకుండా వసుధ ఆ చుక్కల గుండా గీత గీసి పంపమంది. తెర నిండా గీతలు పడ్డాయి.

"ఈ గీత సున్నా దాక పోతదా?" అని అడిగింది.

"పోతది మిస్," అన్నారు సగంమంది.

"గదికన్నా చల్లగ ఛాయ్ ఎట్లయితది? మంచుల పెట్టినమా?" అన్నాడు యుగంధర్. "గది ఎంత వేడున్నదో కొలవండ్రి ముందు."

"సార్ చెప్పింది కూడా లెక్కల పెట్టండి. గీత అక్కడ చదునైపోవాలె," అంది వసుధ.

పిల్లలు గీతలు చెరిపి మళ్లీ గీశారు. ఎవడో పనిలో పనిగా గుండె బొమ్మ గీసి తెర మీదికి పంపాడు. క్లాసంతా గొల్లుమంది. వసుధ ముఖం చిట్లించి, "ఎడమ దిక్కు వంకర పోయింది. సరిచేసి పంపు," అంది. దేవానందం గారు గొడుగు పక్కన పెట్టి, బెల్లు కొట్టేదాకా అక్కడే కూర్చున్నారు.

బయటికి వచ్చాక ఆమెను ఆపారు. "పోస్టు నీదేనమ్మా. స్థిరంగా ఉండు ఇక."

ఎన్నేళ్లనుంచో ఎదురుచూసిన మాట. వసుధ నోట థాంక్స్ రాలేదు. "మరి ఆయన, సార్?"

"యుగంధర్ గారా? ఆయన నిన్ననే చెప్పేశారుగా. బోయిన్‌పల్లిలో వాళ్ల ఇంటి దగ్గరే జూనియర్ కాలేజీలో చేరుతున్నారట. పోస్టు ఎటూ నీకే వచ్చేది. ఈ డబ్బాలు పనికొస్తాయో లేదో చూసుకుందామని వచ్చాను నేను. నీకు చెప్పలేదా?"

వసుధ విసవిసా ల్యాబ్‌లోకి వెళ్లింది. పిల్లలు వెళ్లిపోయారు. యుగంధర్ ఒక్కడే కూర్చుని, కొలవడం అయిపోయిన ఛాయ్ తాగుతున్నాడు.

"నువ్వు పోతున్నవని అందరికి తెలుసు. నాకు తప్ప."

అతను గ్లాసు కింద పెట్టాడు. "పాఠమయినంక చెప్దామనుకున్న."

"ఈ నౌకరీ పోయినా మంచిదే అని నీకోసం డబ్బా బంద్ పెట్టిన నేను. పిచ్చిదాని లెక్క. రైల్ల కూసొని ఏడ్చిన. నువ్వేమో నిన్ననే వేరే కాలేజీ చూస్కున్నవ్. ఒక్క మాట చెప్తే నీ నోట్లె ముత్యాలు రాల్తయా?"

"నువ్వు ఏడ్చినవా?"

"అది కాదు ఇప్పుడు మాట."

"నాకు అదే మాట," అన్నాడు యుగంధర్. మొదటిసారి అతని ముఖంలో ఆ నింపాది పోయింది. "గెలిస్తే నువ్వు పోతవ్. ఓడితే నేను పోవాలె. ఎట్లయినా ఒకరు పోవుడే. ఒక్క కుర్చీ కోసం ఇద్దరం గుంజుకుంట, పెండ్లి చేసుకుంటవా అని ఎట్ల అడగాలె వసుధా? అందుకే ముందు కుర్చీ సంగతి తేల్చుకున్న. ఇది ఇవాళ అడుగుదామనుకున్న. నువ్వు తలుపు తీస్తనే తిట్టుడు షురూ చేసినవ్."

వసుధకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. వాటి మీద కూడా కోపం వచ్చింది.

"ఇంకా అడగలే నువ్వు."

"పెండ్లి చేసుకుంటవా?"

"చేసుకుంట. లేకుంటే వరండాల అందరి ముందట పరువు తీసుకుంటనా?"

అలా అనేసి, ధైర్యం సడలకముందే ఫోన్ తీసి ఇంటికి కలిపింది. స్పీకర్లో అమ్మ విజయమ్మ గొంతు పలికింది.

"అమ్మా, ఆదివారం ఒకాయన ఇంటికొస్తడు. నాన్నతోటి మాట్లాడనీకి. మా స్కూల్ల ఫిజిక్స్ చెప్తడు. యుగంధర్ అని."

"పక్కగది ఆయననా?"

వసుధ గతుక్కుమంది. "నీకెట్ల తెల్సు?"

"తెల్వకేం? ఇవాళ తట్టలేదని, ఇవాళ ఎక్కువ తట్టిండని, వానల తడిసిండని, కంచం ముందట కూసుంటే ఆయన మీదనే లొల్లి. మీ నాయన నీకు సంబంధాలు చూసుడు ఎప్పుడో బంద్ చేసిండు. మనిషన్నంక అందరిని కొంచెం కొంచెం తిడ్తరు, ఇది ఒక్కన్నే పట్టుకొని తిడ్తుంది, ఇగ వేరేటోళ్లను చూసి తక్లీఫ్ ఎందుకు అన్నడు. ఆదివారం భోజనానికే రమ్మను."

ఫోన్ పెట్టేసింది విజయమ్మ.

యుగంధర్ బల్ల మీద తల పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. వసుధ చెవులదాకా ఎర్రబడింది. అతని ఎదుటికి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, గట్టిగా తిడదామని నోరు తెరిచింది.

ఎంతసేపు చూసినా ఒక్క తిట్టూ రాలేదు.